లడ్డూ లెక్కా, అడ్మిన్ తాళమూ

పర్లాకిమిడి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో మర్యాద ఎంత పకడ్బందీగా అమలవుతోందో చూస్తే కళ్ళు చెమరుస్తాయి. తెల్లారి అయిదింటికి గులాబీ పువ్వుతో శుభోదయం. అయిదుంబావుకి అదే గులాబీ, పంపింది వేరే మేనమామ. ఎనిమిదిలోగా నలభై గులాబీలు. ఒక్కటీ డిలీట్ కాదు. గులాబీ ఎవరినీ లెక్కలడగదు.

పది దాటాక ఎవరో కుర్రాడు, పాపం, అడుగుతాడు: "బావూ, చవితి లడ్డూ వేలం డబ్బు లెక్క ఏటయింది?"

ఇక చూడండి. అడ్మిన్‌గారు టైప్ చేస్తున్నట్టు కనిపిస్తుంది. ఆగిపోతుంది. మళ్ళీ కనిపిస్తుంది. ఈలోగా కోశాధికారిగారి బావమరిది ఒక దండం బొమ్మ పెడతాడు. తోడల్లుడు రెండు పెడతాడు. కార్యదర్శిగారు "గ్రూపు పవిత్రత" అనే మాట బయటకి తీస్తారు. ఇంకొకాయన, ఏ సందర్భంలోనో ఆ వినాయకుడికే తెలియాలి, మోకాళ్ళ నొప్పులకి మెంతుల కషాయం ఫార్వర్డ్ చేస్తాడు. దానికి పదకొండు బొటనవేళ్ళు లేస్తాయి. పదీ ఇరవైకల్లా కుర్రాడి ప్రశ్న ఉన్నచోట 'అడ్మిన్ తొలగించారు' అన్న ముక్క గోరీ మీది రాయిలా మిగులుతుంది. పదీ పాతికకి తాళం. గ్రూపు పేరు నొక్కి, పర్మిషన్స్‌లోకి వెళ్ళి, అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా మార్చడం అర నిమిషం పని. లెక్క చెప్పాలంటే అంకెలు కావాలి, అదీ చిక్కు.

ఏమిటిదని అడిగితే చట్టం సిద్ధం: "రేపు నా మీద కేసు పడితే?" సభ్యుడు పెట్టినదానికి, ముందే కూడబలుక్కుని ఉంటే తప్ప, అడ్మిన్ అయినంత మాత్రాన నేరం అంటదని బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం 2021లో చెప్పింది. 2022లో కేరళ హైకోర్టుదీ ఇంచుమించు అదే మాట. అది కూడా ఎవరో రాయకూడనిది రాస్తే సంగతి. లెక్క అడగడం ఏ సెక్షనో! ఆన్‌లైన్ రాతతో ఎదుటివాడికి చిరాకు కలిగించడం ఐటీ చట్టం 66ఏ సెక్షన్ కింద నేరంగా ఉండేది. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ని కొట్టేసింది. ఢిల్లీలో చచ్చిన సెక్షన్ మా మహేంద్రతనయ ఏటి ఒడ్డున దర్జాగా తిరుగుతోంది.

అటువైపు వీరులూ తక్కువ తినలేదు. ఎదుటివాడి కులం తవ్వి, తల్లిని తలుచుకుని, ఎవరైనా ఆపబోతే రాజ్యాంగం ఇచ్చిన వాక్ స్వాతంత్ర్యం, 19(1)(ఏ) అంటారు. ఆ అధికరణం సర్కారు చేతులు కట్టడానికి రాసింది నాయనా, అడ్మిన్ వేలు కట్టడానికి కాదు. గిడుగు రామమూర్తిగారు వాడుకభాష కోసం పండితులతో ఏళ్ళ తరబడి పోట్లాడింది ఈ ఊళ్ళో ఉండే. తప్పులు వెతికింది వాళ్ళ వాక్యాల్లో, వాళ్ళ వంటిళ్ళలో కాదు. ఆయన గెలిపించిన వాడుకభాషని వీళ్ళు వాడుతున్నది ఇందుకు.

పని తెలిసినవాడికి ఇదంతా పావుగంట వ్యవహారం. బూతున్న సందేశాన్ని తియ్యాలి, రాసిన మనిషిని ఉంచాలి. ఎందుకు తీశారో అక్కడే ఒక్క వాక్యం రాయాలి. రాయకపోతే దాని స్క్రీన్‌షాట్ పది నిమిషాల్లో పాతపట్నం గ్రూపులో తేలుతుంది, కారణం వాళ్ళే రాసుకుంటారు. తిట్టినవాడికి విడిగా ఫోన్ చెయ్యాలి. నలుగురిలో మందలిస్తే పరువు కోసం ఇంకో నాలుగు తిడతాడు. తాళం తప్పదంటే ఒక్క రాత్రికి, ఎన్నింటికి తీస్తారో ముందే చెప్పి వెయ్యాలి. తాళానికి మనుషుల తేడా తెలీదు, బరంపురం ఆస్పత్రిలో రక్తం కావాలని రాయబోయినవాడి నోరూ మూస్తుంది. అడ్మిన్లలో ఒక్కరైనా కమిటీలో లేనివాళ్ళుండాలి. అంటే లడ్డూ వాసన తగలనివాళ్ళు.

ఇవి తెలియక చెయ్యరనుకుంటున్నారా? ఇంటర్ చదివే పిల్ల వీధి కాలవ ఫోటో పెట్టి, మురుగు ఇంట్లోకి వస్తోందని రాస్తుంది. "ఆడగుంటవి, ఈ వేళప్పుడు ఫోన్లో ఏటి పని?" అని కింద ఒక పెద్దాయన. ఆయన కింద ఇంకొకడు రాసింది ఇక్కడ రాయలేను. అది తొలగదు. తాళం పడదు. "పెద్దాయన సరదా మనిషి, మనసులో పెట్టుకోకమ్మా" అని అడ్మిన్‌గారి అమృతవాక్కు. పిల్ల గ్రూపు వదిలి వెళ్ళిపోతుంది. ఎవరు వెళ్ళినా ఇప్పుడు అడ్మిన్లకి మాత్రమే కబురందుతుంది కాబట్టి మిగతా సభకి చప్పుడైనా వినపడదు. సరదా మనిషట! సిగ్గుండాలి. పిల్లని తరిమిన మాట అక్కడే ఉంటుంది, పైసల లెక్క అడిగిన మాట పోతుంది. లడ్డూకి కాపలా కాస్తూ దానికి మర్యాద అని పేరు!

మర్నాడు అయిదింటికి మొదటి గులాబీ ఆ పెద్దాయనదే. అడ్మిన్లిద్దరూ దండాలు పెట్టారు.