'సెట్ అయిపోతుందిలే' గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 'సెట్ అయిపోతుందిలే' గారి సముఖానికి, నమస్కరించి రాసుకొను విన్నపం.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. కానీ సిలిండర్ బోరు కొట్టించి, పిస్టన్ మార్చి, క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) విప్పి మళ్లీ బిగించిన బైకు ఇంజన్లోంచి దింపిన ఆయిల్ ఎండలో జరీ అంచులా తళతళలాడుతుంటే, కుశలమనే మాట పెగలడం లేదు. ఆ మెరుపు ఆయిల్లో కలిసిన లోహపు పొడిది. అది చూపించి ఇదేమిటని అడిగిన ప్రతివాడికీ మెకానిక్ నోట తమరే జవాబు. క్షణం ఆలోచించరు, పానా పట్టరు, చేతికి మసి అంటనివ్వరు. వైద్యుడు నాడి పట్టకుండానే రోగికి నయమైందని చెప్పే హస్తవాసి తమరిది.

తమరు పూర్తిగా అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే. కొత్త బోరు మీద హోనింగ్ గీతల (లోపలి గోడ మీద రాయితో గీసిన సన్నగీతల) మొనలు, పిస్టన్ రింగుల అంచులు, మార్చిన గేర్ల పళ్లు మొదట్లో ఒకదాన్నొకటి అరగదీసుకుంటాయి. కాబట్టి మొదటి ఆయిల్ బూడిదరంగు తిరగడం, ఆయిల్ దింపే డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి కాటుకలాంటి ముద్ద పట్టడం మామూలే. ఆ ముద్దను రెండు వేళ్ల మధ్య రుద్దితే మెత్తగా జారిపోవాలి. అంతవరకు తమరి మాట చెల్లుతుంది. వేలికి గరుకు తగిలినా, గోటికి అంచు దొరికినా, పొలుసు ఆకారం కంటికి విడిగా కనిపించినా తమరు పక్కకు తప్పుకోవాలి.

పైగా తమరు ఒక్కసారి చూసి తీర్పు చెబుతారు. ఆయిల్‌ది ఒక్కరోజు సాక్ష్యం కాదు. రీబిల్డ్ (ఇంజన్ విప్పి బాగుచేసి మళ్లీ కట్టడం) తర్వాత మొదటి ఆయిల్ 50 నుంచి 80 కి.మీ. లోపే దింపాలి, రెండోది 300 నుంచి 500 మధ్య, మూడోది 1,000 దగ్గర. మూడుసార్లూ వచ్చిన రజనును మూడు తెల్లకాగితాల మీద ఆరబెట్టి, తేదీ, కిలోమీటర్లు రాసి పక్కపక్కన పెట్టాలి. ఒకదాని కన్నా ఒకటి పలచబడితే ఇంజన్ సర్దుకుంటోంది. రెండోదీ మొదటిదానిలాగే ఉంటే, లోపల ఏదో తనను తాను తినేస్తోంది.

ఆ రజను పట్టే పద్ధతి కూడా తమరికి నచ్చదు, ఓపిక కావాలి కనుక. ఇంజన్ వేడిగా ఉండగానే దింపాలి. చల్లారితే పొలుసులు అడుగున పడుకుని బయటికి రావు. ఆయిల్‌ని శుభ్రమైన తెల్ల తొట్టిలోకి, సన్నటి నైలాన్ గుడ్డ గుండా వడకట్టాలి. ఇంజన్ అడుగున జల్లెడ ఉంటే దాన్నీ ఊడదీయాలి. ఫిల్టర్‌ను పారేయకుండా కోయాలి. డబ్బా రకమైతే ఫిల్టర్ కట్టర్‌తోనే. హాక్సా బ్లేడుతో కోస్తే ఆ కోతపొడే లోపల పడుతుంది, తర్వాత దాన్ని చూసి ఏడవాలి. లోపలి మడతల కాగితాన్ని కత్తిరించి, గుడ్డలో చుట్టి వైస్‌లో పిండి, విప్పి, ఏటవాలు వెలుగులో పరచాలి. కిక్కుతో కూడిన చిన్న ఇంజన్లు చాలావాటిలో క్రాంకు చివర గిర్రున తిరిగే గిన్నెలాంటి ఫిల్టర్ ఉంటుంది. బరువైన లోహమంతా అందులో గోడకు పట్టేసి ఉంటుంది. రీబిల్డ్ రోజున దాన్ని తెరవనివారు పాత ఇంజన్ పాపాన్ని కొత్త ఇంజన్‌కు వారసత్వంగా ఇచ్చినట్టే.

ఇక పంచాయితీ. పొలుసులను పెట్రోల్‌తో కడిగి ఆరబెట్టి, అయస్కాంతాన్ని పల్చటి ప్లాస్టిక్ సంచిలో చుట్టి వాటి మీద తిప్పాలి. అంటుకున్నవి ఇనుము, ఉక్కు: గేర్లు, వాల్వులను తెరిచే క్యామ్, రాకర్, రింగులు, బేరింగుల గోలీలు, అవి దొర్లే దారులు. అంటనివి అల్యూమినియం, ఇత్తడి, రాగి, సీసం. డ్రెయిన్ బోల్టు అయస్కాంతం శుభ్రంగా ఉందని నిశ్చింతగా ఉండేవాళ్లకు ఈ రెండో గుంపు పరిచయం ఉండదు. పిస్టన్ సగం అరిగి ఆయిల్లో కలిసినా ఆ అయస్కాంతానికి కబురందదు.

తెల్లగా మెరిసే పొలుసు అల్యూమినియమా, బేరింగ్ పూతా అని సందేహం వస్తే సోల్డరింగ్ ఐరన్ మొన ఆనించాలి. పూతలోని సీసం, తగరం కరిగి గుండ్రబడతాయి. అల్యూమినియం ఆ వేడికి కరగదు కాబట్టి చలించదు. ఇంకో పరీక్ష కాస్టిక్ సోడా నీళ్లు. అల్యూమినియం అందులో బుసబుసా నురగలు కక్కి మాయమవుతుంది, ఇత్తడీ రాగీ అలాగే ఉంటాయి. గాజు గిన్నెలో, నీళ్లలోకి సోడా వేసి (సోడా మీద నీళ్లు పోయకూడదు), కళ్లకూ చేతులకూ రక్షణతో, ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయాలి. వచ్చే నురగ హైడ్రోజన్.

లోహం తెలిశాక ఆకారం చూడాలి. ఒకవైపు అద్దంలా, ఇంకోవైపు చక్కెర పలుకులా గరుకుగా ఉన్న ఉక్కు పొలుసు వస్తే బేరింగ్ దారి పైపొర లేచిపోతోంది. దాన్ని మించిన చెడుకబురు తక్కువ. రీబిల్డ్‌లో దీనికి తరచూ కనిపించే కారణం సుత్తి. ఇంజన్ కేసును (బయటి లోహపు గూడును) వంద డిగ్రీల దాకా వేడిచేసి బేరింగును జారవిడవాల్సింది పోయి, లోపలి రింగు మీద కొట్టి దించితే గోలీల ముద్రలు దారిలో పడతాయి. ఆ గుంటల అంచుల నుంచే పొలుసులు రేగుతాయి. బంగారు రంగు రజను ఇత్తడి, కంచు బుష్‌ల నుంచి గానీ బేరింగ్ గోలీలను ఎడంగా పట్టి ఉంచే కేజ్ నుంచి గానీ వస్తుంది. షెల్ బేరింగులున్న (గోలీలకు బదులు పలుచటి లోహపు చిప్పలుండే) ఇంజన్లో రాగిరంగు కనిపిస్తే, పైనున్న వెంట్రుకకన్నా పలుచటి మెత్తటి పూత అప్పటికే పోయిందని అర్థం. అల్యూమినియం పలుచటి రేకులైతే పిస్టన్ స్కర్టు (కింది భాగం) బోరుకు రాసుకుంటోంది, గ్యాప్ తక్కువైంది. అల్యూమినియమే బూడిదలా వస్తే క్లచ్ బాస్కెట్ (క్లచ్ ప్లేట్లను పట్టి ఉంచే గిన్నె) వేళ్ల మీద ప్లేట్లు గాట్లు పెడుతున్నాయేమో చూడాలి. ఎక్కువ బైకుల్లో క్లచ్‌కీ గేర్లకీ ఇంజన్‌కీ ఒకటే ఆయిల్. ఒకరి పాపం అందరి నెత్తినా పడుతుంది.

తమరికి అనుకూలమైన సాక్షులను దాచడం అన్యాయం. బిగించేటప్పుడు రాపిడి తగ్గడానికి పూసిన మోలీ పేస్టు ఆయిల్‌కి బూడిదరంగు మెరుపు ఇస్తుంది, అందులో పలుకులుండవు. బోల్టుల మరలకు పూసే రాగి పేస్టు అచ్చం బేరింగ్ పోయినట్టే కనిపించి గుండె ఆపుతుంది. చుట్టలు తిరిగిన అల్యూమినియం ముక్క ఒకటో రెండో వస్తే మరలు వేసినప్పటి చెత్త కావచ్చు, లేదా దింపుతున్న డ్రెయిన్ రంధ్రం మరలే కోసుకుపోతుండొచ్చు. రంగురంగుల రబ్బరు పురుగులైతే గ్యాస్కెట్‌కి అతిగా పూసిన సిలికోన్. అది లోహం కాదు, కానీ వెళ్లి జల్లెడను మూస్తే ఆయిల్ అందనివ్వక లోహాన్ని తయారు చేస్తుంది.

ఇక తమరి తోబుట్టువు 'పెట్రోల్‌తో కడిగాంలే' సంగతి. హోనింగ్ రాయి పొడిని పెట్రోల్ తీయదు, బోరు గీతల్లోకే తిరిగి నెడుతుంది. వేడినీళ్లు, సబ్బు, బ్రష్‌తో రుద్ది, ఆరబెట్టి, వెంటనే ఆయిల్ పూసి, తెల్లగుడ్డతో తుడవాలి. గుడ్డకు బూడిదరంగు అంటడం ఆగేదాకా మళ్లీ మళ్లీ. ఈ పని ఎగ్గొట్టిన ఇంజన్లో రింగులూ పిస్టనూ గీతలు పడి రెండో ఆయిల్లోనూ రజను తగ్గదు. అప్పుడు తమరు వచ్చి కూర్చుంటారు.

తమరు పంపించే మరో దూత ఆయిల్ ల్యాబ్ రిపోర్టు. ఇనుము, రాగి, సిలికాన్ ఎంతెంతో చెబుతుంది, మంచిదే. కానీ ఆ పరికరం కొన్ని మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతుల) లోపు రేణువులనే బాగా లెక్కపెడుతుంది. గోటికి తగిలే పొలుసు దాని కంటికి ఆనదు. రిపోర్టు 'నార్మల్' అంటుంది, ఫిల్టర్ మడతల్లో పొలుసులు నవ్వుతుంటాయి.

కేసులు విడదీయకముందే చూడగలిగేవి చూడాలి. న్యూట్రల్లో క్లచ్ నొక్కితే మోత మారిందా? అయితే క్లచ్, గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు వైపు వెళ్లాలి. క్లచ్ కవరు తెరవడానికి ఇంజన్ దించక్కర్లేదు, కాబట్టి అదే ముందు. వాల్వు గ్యాపులు 500 కి.మీ.లో బాగా పెరిగి, అయస్కాంతానికీ ఉక్కు పడితే క్యామ్ ముక్కో రాకర్ ముఖమో అరుగుతోంది. వేడి మీద ఆయిల్ ప్రెషర్ మాన్యువల్ అంకె కన్నా తక్కువైతే బండి ఆపేయాలి. బోరు లేపినప్పుడు కనెక్టింగ్ రాడ్ పట్టుకుని చూడాలి: పక్కలకు కాస్త ఆట ఉండాల్సిందే, పైకీ కిందకీ ఆట తగిలితే బిగ్ ఎండ్ (రాడ్ క్రాంకును పట్టుకునే చోటి బేరింగు) పోయినట్టే.

అప్పుడు కూడా తమరు 'ఫ్లష్ కొట్టేస్తే సరి' అంటారని తెలుసు. ఫ్లష్ పొలుసును కడుగుతుంది, పొలుసు రేగే చోటును కాదు. కేసులు విడదీయాలి. క్రాంకు పిన్ను ఆయిల్ రంధ్రాలు, ప్లగ్గులు ఊడదీసి గ్యాలరీలు (ఆయిల్ పారే దారులు), పంపు అన్నీ కడగాలి. ఆయిల్ కూలర్ ఉంటే మార్చేయాలి. దాని సన్నటి మడతల్లో దాక్కున్న పొలుసు కొత్త బేరింగులు వేసిన రోజే బయటికొస్తుంది.

ఇట్లు,
తమరి మాట విని రెండోసారి క్రాంకు పని చేయించుకునే వాళ్ల తరఫున,
ఆయిల్ వడకట్టే వాళ్లం

తా.క. డ్రెయిన్ బోల్టు బిగించేటప్పుడు వాషర్ కొత్తది వేస్తున్నాం. పాతదే వేస్తే చుక్కలు కారతాయి, దానికీ తమరే జవాబు చెప్పడానికి వస్తారు.