కనమంటే సరిపోతుందా?

ఒకరితో ఆగొద్దు, ఇద్దరినో ముగ్గురినో కనండని ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2024 నుంచి సభల్లో చెబుతూ వస్తున్నారు. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న పాత నిబంధనను ఆ ఏడాది నవంబర్‌లో అసెంబ్లీ ఎత్తేసింది కూడా. ఈ ఆందోళనకు కారణం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో మహిళకు సగటున ఏపీలో 1.7 మంది, తెలంగాణలో 1.8 మంది పిల్లలు. జనాభా తగ్గకుండా ఉండాలంటే ఆ సగటు 2.1 ఉండాలి. లెక్క సరే. అయితే ఆ సభల్లో కూర్చున్న జనంలో, పెళ్లయి ఏడేళ్లయినా పదేళ్లయినా కడుపు పండక ఆస్పత్రుల చుట్టూ తిరుగుతున్న ఆడవాళ్లూ ఉంటారు. పిల్లల్ని కనమని వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎక్కడ చూపించుకోవాలో, ఎంతవుతుందో, అసలు ఫలితం ఉంటుందో లేదో నిజాయితీగా చెప్పే నాథుడే లేడు.

లోకంలో ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమితో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. షుగరు, థైరాయిడ్‌లాగే ఇదీ ఆరోగ్య సమస్యే. షుగరుకు పీహెచ్‌సీలో మాత్రలిస్తారు, టీబీకి ఇస్తారు, నొప్పులొస్తే 108 వస్తుంది. పిల్లలు పుట్టడం లేదని వెళ్తే మాత్రం ‘బయట చూపించుకోమ్మా’ అంటారు. ఆ మాటతోనే ప్రభుత్వ బాధ్యత ముగిసిపోతోంది, ప్రైవేటు దందా మొదలవుతోంది.

ఇప్పుడు ఏ జిల్లా కేంద్రానికి వెళ్లినా బోసినవ్వుల పాపాయి బొమ్మతో ఫర్టిలిటీ సెంటర్ ఫ్లెక్సీ కనబడుతుంది. ఉచిత కన్సల్టేషన్, ఆదివారం క్యాంపు, ఈఎంఐ సౌకర్యం, పండక్కి డిస్కౌంటు. లోపలికి వెళ్లాక డాక్టరు కంటే ముందు మాట్లాడేది ఐవీఎఫ్ (అండాన్ని, వీర్యాన్ని ల్యాబ్‌లో కలిపి, ఆ పిండాన్ని గర్భసంచిలో పెట్టే చికిత్స) ప్యాకేజీ వివరించే అమ్మాయి. ప్యాకేజీలో ఇంజెక్షన్లు కలవవని, పిండాన్ని ఫ్రీజ్ చేస్తే దానికి వేరే చార్జీ అని, రెండోసారి పిండాన్ని గర్భసంచిలో పెట్టడానికి (ట్రాన్స్‌ఫర్‌కు) మళ్లీ కట్టాలని తర్వాత ఒక్కొక్కటే బయటపడుతుంది. అప్పటికే పుట్టింటివారు పెట్టిన బంగారం బ్యాంకులో కుదువకు చేరి ఉంటుంది.

ఒక సైకిల్, అంటే ఒక విడత ఐవీఎఫ్, ఎలా ఉంటుందో ఆ దారిన వెళ్లిన వాళ్లకే తెలుసు. నెలసరి వచ్చిన రెండో రోజో మూడో రోజో స్కానింగ్. అక్కడి నుంచి పది పన్నెండు రోజులు రోజూ పొట్టకు ఇంజెక్షన్. ఊళ్లో ఉండేవాళ్లయితే ఐస్ డబ్బాలో తెచ్చుకుని, ఎదురింటి వాళ్ల ఫ్రిజ్‌లో దాచుకుని, ఆర్‌ఎంపీ చేత వేయించుకుంటారు. మధ్యమధ్యలో స్కానింగులకు తెల్లారగట్ల బస్సెక్కాలి. తర్వాత మత్తిచ్చి అండాలు తీస్తారు. ఆ తర్వాత ట్రాన్స్‌ఫర్, రెండు వారాల ఎదురుచూపు, గర్భం నిలిచిందో లేదో చెప్పే బీటా రక్తపరీక్ష. నెగెటివ్ వస్తే ఆ సంగతి ఇంట్లో చెప్పడం ఒక ఎత్తు, మళ్లీ ప్రయత్నిద్దామా అనే ప్రశ్నను ఎదుర్కోవడం మరో ఎత్తు. కూలి పనికో, మిషన్ కుట్టడానికో వెళ్లే మహిళ ఇన్ని రోజులూ పని మానుకుంటే పోయిన డబ్బు ఏ ప్యాకేజీ లెక్కలోకీ రాదు.

ఇదంతా ఆడమనిషి చుట్టూనే ఎందుకు తిరగాలి? సంతానలేమి కేసుల్లో దాదాపు సగం వాటిలో మగవారి సమస్య ఒంటరిగానో, భార్య సమస్యతో కలిసో ఉంటుందని వైద్యశాస్త్రం ఎప్పటి నుంచో చెబుతోంది. కొన్ని వందల రూపాయల్లో తేలిపోయే వీర్య పరీక్ష మొదట జరగాలి. జరిగేది వేరు. భార్యకు హార్మోన్ పరీక్షలు, ట్యూబ్ టెస్టు, ఒక్కోసారి లాపరోస్కోపీ అయ్యాక గానీ భర్త ల్యాబ్ గడప తొక్కడు. ‘మావాడికేం లోపం లేదు’ అని తీర్పు చెప్పే అత్తగారికి ఏ రిపోర్టూ అక్కర్లేదు. సీమంతాల్లో పక్కన కూర్చోబెట్టేది, ‘ఏమైనా విశేషమా’ అని నిలదీసేది కూడా కోడలినే. ఇలాంటి ఇళ్లలో డాక్టరు మాటకు విలువ ఎక్కువ. ఇద్దరూ కలిసి వస్తేనే వైద్యం మొదలుపెడతానని ప్రతి డాక్టరూ పట్టుబడితే సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

ఇక సక్సెస్ రేటు సంగతి. డెబ్బై శాతం, ఎనభై శాతం అని బోర్డులు రాస్తారు. దేనిలో డెబ్బై శాతం? బీటా పాజిటివ్ వచ్చినవారా, స్కాన్‌లో గుండె చప్పుడు వినిపించినవారా, బిడ్డను ఇంటికి తీసుకెళ్లినవారా? ఈ మూడింటికీ చాలా తేడా ఉంది. ముప్పై ఏళ్ల మహిళకు, నలభై రెండేళ్ల మహిళకు అవకాశాలు ఒకేలా ఉండవు. సొంత అండాలతోనా, దాత అండాలతోనా అన్నదాన్ని బట్టి కూడా మారిపోతాయి. బ్రిటన్‌లో 1991 నుంచి పనిచేస్తున్న నియంత్రణ సంస్థ ఒక్కో క్లినిక్‌లో ఎన్ని ప్రయత్నాలకు ఎంతమంది బిడ్డలు పుట్టారో జనానికి తెలిసేలా ప్రకటిస్తుంది. మన దగ్గరా జాతీయ రిజిస్ట్రీ ఉంది, క్లినిక్‌లు దానికి వివరాలు పంపాలని చట్టమూ ఉంది. లక్షలు కట్టే దంపతులకు మాత్రం క్లినిక్ వారీ ఫలితాలు చూసుకునే వీల్లేదు. పదివేల ఫోను కొనేముందు రివ్యూలు చదువుకునే అవకాశం ఉన్న దేశంలో ఇదీ పరిస్థితి.

చీకట్లో ఉన్నవాళ్లను ఎంతదూరం మోసం చేయవచ్చో 2025 జూలైలో సికింద్రాబాద్‌లో చూశాం. సరోగసీ (అద్దె గర్భం) ద్వారా పుట్టిన మీ బిడ్డేనంటూ ఒక జంట చేతిలో పసికందును పెట్టి లక్షలకు లక్షలు గుంజారు. డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే ఆ బిడ్డకు వారితో సంబంధం లేదని తేలింది. అస్సాంకు చెందిన పేద తల్లిదండ్రుల బిడ్డను తెచ్చి అప్పగించారని పోలీసులు చెప్పారు. ఆ కేసు తీర్పు కోర్టు చెబుతుంది. మేము అడిగేది వేరే ప్రశ్న. ఐవీఎఫ్ వంటి చికిత్సలను నియంత్రించే సహాయక పునరుత్పత్తి సాంకేతికత చట్టం, సరోగసీ నియంత్రణ చట్టం 2022 జనవరి 25 నుంచి అమల్లో ఉన్నాయి. డబ్బులిచ్చి అద్దె గర్భం తీసుకోవడమే నేరం. వైద్య ఖర్చు, బీమా, నిబంధనల్లో చెప్పిన ఇతర ఖర్చులు తప్ప సరోగేట్ తల్లికి ఇంకేమీ ఇవ్వకూడదు. మరి అంత ధర చెప్పిన రోజునే అది చట్టవిరుద్ధమని ఆ దంపతులకు తెలియజెప్పే ఏర్పాటు ఏది? అండదాత జీవితంలో ఒక్కసారే ఇవ్వాలని, ఏడు అండాలకు మించి తీయకూడదని చట్టం చెబుతోంది. బస్తీల నుంచి అవసరం కొద్దీ వచ్చే అమ్మాయి విషయంలో ఏడో, పదిహేనో లెక్క చూసేదెవరు? ప్రతి క్లినిక్‌లో ఫిర్యాదుల విభాగం ఉండాలని కూడా చట్టంలో ఉంది. అలాంటిది ఒకటుందని విన్న పేషెంటు ఎక్కడైనా ఉంటే గొప్పే.

చట్టం రాకముందు పరిస్థితి ఇంకా దారుణం. 2019 సెప్టెంబర్‌లో గుంటూరులో 74 ఏళ్ల మహిళ ఐవీఎఫ్‌తో కవలలను కంటే ప్రపంచ రికార్డని స్వీట్లు పంచారు. ఆ వయసులో గర్భం ఎంత ప్రమాదమో, ఆ పిల్లల రేపటి సంగతేమిటో అడిగినవాళ్లు తక్కువ. ఇప్పుడు ఆడవారికి 50, మగవారికి 55 ఏళ్ల పరిమితి పెట్టారు. మంచిదే.

తెలుగు నేల మీద ఆడవారి గర్భసంచికి మరో చరిత్ర కూడా ఉంది. దశాబ్దాల పాటు ఇక్కడ కుటుంబ నియంత్రణ అంటే ఆడవారి ఆపరేషనే. ఏపీలో 15 నుంచి 49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవారే. చాలామందికి అది పాతికేళ్లలోపే అయిపోయింది. టార్గెట్ల ధోరణి ఎంతదాకా తీసుకెళ్తుందో 2022 ఆగస్టులో తెలంగాణలోని ఇబ్రహీంపట్నం చూపించింది. ఒక్క రోజు 34 మందికి ఆపరేషన్లు చేస్తే నలుగురు తల్లులు ప్రాణాలు కోల్పోయారు. ఇక తెల్లబట్ట, నడుంనొప్పి, ఎక్కువ బ్లీడింగ్ అని వెళ్తే ‘తీసేయిస్తే పీడా పోతుంది’ అనే సలహా. 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద 3 శాతం చిల్లర ఉంటే, ఏపీలో దాదాపు 9, తెలంగాణలో 8 శాతం. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. అనవసర హిస్టరెక్టమీలను అడ్డుకునే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఆ లెక్కలు జిల్లాల వారీగా బయట పెట్టమని మేము రెండు ప్రభుత్వాలనూ అడుగుతున్నాం.

ఇరవై మూడేళ్లకే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకుని, తర్వాత ప్రమాదంలోనో జబ్బుతోనో బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఎక్కడికి వెళ్లాలి? ట్యూబులు మళ్లీ కలపడం అందరికీ ఫలించదు, మిగిలేది ఐవీఎఫ్. ఆపరేషన్ ఉచితంగా చేసిన ప్రభుత్వం ఐవీఎఫ్ దగ్గర చేతులెత్తేస్తోంది.

చేయలేనిదేమీ కాదు. హైదరాబాద్ గాంధీ ఆస్పత్రిలో 2023లో ఐవీఎఫ్ కేంద్రం ప్రారంభించారు. గోవా వైద్య కళాశాల అదే ఏడాది ఉచిత ఐవీఎఫ్ మొదలుపెట్టింది. కేంద్ర ఉద్యోగులకైతే వారి ఆరోగ్య పథకం సీజీహెచ్‌ఎస్ కింద ఒక పరిమితి మేరకు ఐవీఎఫ్ ఖర్చు తిరిగి చెల్లిస్తారు. అదే కేంద్రం పేదల కోసం పెట్టిన ఆయుష్మాన్ భారత్‌లో సంతాన చికిత్సలను మినహాయింపుల జాబితాలో చేర్చింది. ఢిల్లీలో ఫైళ్లు చూసే ఉద్యోగిది వైద్యం, చేనులో కలుపు తీసే మనిషిది కోరికా? గాంధీ లాంటి కేంద్రం విశాఖ, తిరుపతి, కర్నూలు, వరంగల్‌లకూ కావాలి. అయితే రిబ్బన్ కత్తిరింపుతో పని కాదు. పిండాలను తయారుచేసి చూసుకునే నిపుణుడు (ఎంబ్రియాలజిస్టు) లేని ల్యాబ్ ఉత్త గదే. ఇంజెక్షన్లు బయట కొనుక్కోమంటే ఉచితం అన్న మాటకు అర్థం లేదు.

అందరికీ ఐవీఎఫ్ అవసరం పడదు కూడా. మన దేశంలో ట్యూబులు మూసుకుపోవడానికి గర్భాశయానికి, ట్యూబులకు సోకే టీబీ ఒక ముఖ్య కారణం. వేళకు పట్టుకుంటే చాలా నష్టం ఆపొచ్చు. నీటిబుడగలని జనం పిలిచే పీసీఓఎస్ ప్రపంచంలో పిల్లల్ని కనే వయసు మహిళల్లో 10 నుంచి 13 శాతం మందికి ఉందని, వారిలో 70 శాతం దాకా మందికి ఆ సంగతే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. బరువు తగ్గి, మామూలు మాత్రలు వాడి గర్భం దాల్చేవారు వీరిలో ఎందరో. జిల్లా ఆస్పత్రిలో వారానికి ఒక రోజు ఓపీ పెట్టి, ఇద్దరికీ ప్రాథమిక పరీక్షలు ఉచితంగా చేస్తే ప్రైవేటు గడప తొక్కనక్కర్లేని వారు చాలామందే తేలతారు.

క్లినిక్ రిజిస్ట్రేషన్ ఐదేళ్లకే చెల్లుతుంది. చట్టం వచ్చిన కొత్తలో నమోదైనవి 2027, 2028ల్లో రెన్యువల్‌కు రావాలి. ఏ వయసు వారికి ఎన్ని సైకిళ్లు చేశారు, ఎంతమందికి బిడ్డ పుట్టింది, మొత్తం ఎంత తీసుకున్నారు అన్న మూడు లెక్కలు రిసెప్షన్‌లో తెలుగులో అంటించని క్లినిక్‌కు రెన్యువల్ ఇవ్వబోమని రెండు రాష్ట్రాల అధికారులు ఇప్పుడే ప్రకటించాలి.