సిటీ ట్రాఫిక్‌లో మైలేజీ డ్రైవర్ చేతిలో లేదా?

"సిటీ బస్సు డ్రైవర్లకు డీజిల్ పొదుపు పాఠాలు చెప్పడం దండగ" అనే సందేశం వాట్సాప్ గ్రూపుల్లో చేతులు మారుతోంది. అందులోని వాదన ఇది: హైదరాబాద్ ట్రాఫిక్‌లో మైలేజీ డ్రైవర్ చేతిలో ఉండదు. పొదుపు చేయాలంటే బండిని న్యూట్రల్‌లో వదలాలి, అది ప్రమాదం. పొదుపుగా నడిపితే బస్సు లేటవుతుంది. ఎలాగూ ఎలక్ట్రిక్ బస్సులొస్తున్నాయి. కేఎంపీఎల్ లెక్కలు డ్రైవర్‌ను వేధించడానికే. కేఎంపీఎల్ అంటే లీటరు డీజిల్‌కు బస్సు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్న లెక్క.

పంపేవాళ్లు డ్రైవర్ల మీద అభిమానంతోనే పంపుతున్నారని నాకు తెలుసు. మా నాన్న కూడా సిటీ బస్సు నడిపి రిటైరయ్యారు. అందుకే ఈ మాటలను అలా వదిలేయలేకపోతున్నాను. చివరి మాటలో నిజముంది, దాని దగ్గరికి వస్తాను. మిగతావి నిలబడవు.

మొదట ట్రాఫిక్ సంగతి. ట్రాఫిక్ వల్ల మైలేజీ పడిపోతుందన్నది నిజమే. కానీ అదే ట్రాఫిక్‌లో, అదే రూటులో, అదే బస్సు మీద ఇద్దరు డ్రైవర్లకు ఒకే మైలేజీ రాదు. ఎందుకో చిన్న లెక్కతో చూద్దాం. నిండా జనంతో ఉన్న సిటీ బస్సు 15 టన్నులు ఉంటుందనుకోండి. అది గంటకు 40 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఖర్చయ్యే డీజిల్ సుమారు 80 మిల్లీలీటర్లు, అంటే దాదాపు ఒక టీ గ్లాసు. బ్రేకు తొక్కి ఆపిన ప్రతిసారీ ఆ గ్లాసు బ్రేక్ డ్రమ్ములో వేడిగా మారి పోతుంది. అదే 30 దగ్గర ఆపితే పోయేది సగానికి కాస్త ఎక్కువ. ముందు రెడ్ సిగ్నల్ కనిపిస్తున్నా యాక్సిలరేటర్ తొక్కుతూ వెళ్లి చివర్లో బ్రేకు కొట్టే డ్రైవరు, వంద మీటర్ల ముందే కాలు తీసేసే డ్రైవరు ఒకే సిగ్నల్ దగ్గర ఆగుతారు. గ్లాసులో తేడా మాత్రం ఉంటుంది. "ముందున్న బండిని కాదు, దాని ముందున్న బండిని చూడాలి. అది ఆగుతుందంటే నీ కాలు అప్పుడే లేవాలి" అనేవారు నాన్న. ఆ చూపు డ్రైవర్ చేతిలో ఉన్నదే.

రోజుకు 200 కిలోమీటర్లు తిరిగే బస్సు నాలుగున్నర నుంచి 4.8 కేఎంపీఎల్‌కు పెరిగిందనుకుందాం. రోజుకు దాదాపు 2.8 లీటర్లు మిగులుతాయి. వంద బస్సుల డిపోలో అది 280 లీటర్లు. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి, రోజుకు ముప్పావు టన్ను తగ్గినట్టు. దీన్ని దండగ అనగలమా?

న్యూట్రల్‌లో వదిలితే డీజిల్ మిగులుతుందన్నది చాలామంది డ్రైవర్లు కూడా నమ్మే పొరపాటు, అందుకే వివరంగా చెప్పాలి. బండి గేర్‌లో ఉండగా యాక్సిలరేటర్ మీద నుంచి కాలు పూర్తిగా తీస్తే, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. అప్పుడు ఇంజన్‌కు డీజిల్ ఆగిపోతుంది. వేగం బాగా తగ్గాకే మళ్లీ అందుతుంది. న్యూట్రల్ వేస్తే ఇంజన్‌కు, చక్రాలకు లింకు తెగిపోతుంది. ఇంజన్ ఆరిపోకుండా ఉండటానికి డీజిల్ తాగుతూనే ఉండాలి. అంటే న్యూట్రల్‌లో పోయేది ఎక్కువే. పైగా ఇంజన్ బ్రేకింగ్, అంటే ఇంజనే బండి వేగాన్ని తగ్గించడం, ఉండదు. కదులుతుండగా ఇంజనే ఆపేస్తే ఎయిర్ బ్రేకులకు గాలి నింపే కంప్రెసర్ ఆగుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. న్యూట్రల్ ప్రమాదమన్నది నిజం. పొదుపు పాఠం దాన్ని నేర్పుతుందన్నది అబద్ధం. సరైన పాఠం "గేర్‌లోనే ఉంచు, కాలు తియ్యి" అంటుంది.

లేటవుతుందన్నది కూడా అపోహే. పొదుపుగా నడపడమంటే ఈడుస్తూ నడపడం కాదు. లో గేర్లో ఇంజన్‌ను అరిపిస్తూ పోతే డీజిల్ ఇంకా ఎక్కువ తాగుతుంది. రోడ్డు ఖాళీగా ఉంటే వేగం అందుకోవాల్సిందే. రెడ్ సిగ్నల్ దగ్గరికి ముందు చేరి ఒరిగేదేమీ లేదు. సడన్ బ్రేకు పడకపోతే నిలబడ్డ ముసలమ్మ పడిపోదు, క్లచ్ ప్లేట్లు, టైర్లు ఎక్కువ కాలం వస్తాయి.

ఎలక్ట్రిక్ బస్సుల మాటకు క్లుప్తంగానే జవాబు. హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్ రూటులో అవి 2019 నుంచి, తిరుమల ఘాట్ మీద 2022 నుంచి తిరుగుతున్నాయి. వాటిలో ముందుగా కాలు తీసి మెల్లగా ఆపితే మోటారే బ్యాటరీని కొంత నింపుతుంది. సడన్ బ్రేకు కొడితే ఆ లాభం చాలావరకు పోతుంది. ఈ అలవాటు ఉన్న డ్రైవరే రేపు వాటినీ బాగా నడుపుతాడు.

ఇక వేధింపు. ఇక్కడ సందేశం వైపే నిలబడతాను. 218 నంబరు బస్సును కోఠి నుంచి పటాన్‌చెరు నడిపే డ్రైవర్ కేఎంపీఎల్‌ను ఖాళీ రోడ్డు మీద నడిపే డ్రైవర్‌తో పోల్చడం అన్యాయం. 2023 డిసెంబర్‌లో మహిళలకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలయ్యాక బస్సులు కిక్కిరిసి నడుస్తున్నాయి, పాత లెక్కలతో పోల్చడమూ అన్యాయమే. టైర్లలో గాలి తగ్గినా, బ్రేకు పట్టేసినా, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా మైలేజీ పడిపోతుంది. అది గ్యారేజీ పని. పెద్ద డీజిల్ ఇంజన్ ఊరికే తిరిగితే గంటకు రెండు లీటర్ల దాకా తాగుతుంది కాబట్టి టెర్మినల్‌లో ఆపేయమంటారు. సరే, కానీ సెల్ఫ్ పట్టని బస్సును ఏ డ్రైవరు ఆపుతాడు? మళ్లీ స్టార్ట్ కాకపోతే జనంతో తోయించాల్సిన టెన్షన్ అతనిదే.

అందుకని పాఠం మానేయడం పరిష్కారం కాదు. ఇంధన పొదుపు కోసం 1978లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ పీసీఆర్ఏ ఇలాంటి శిక్షణ ఏళ్లుగా ఇస్తోంది. క్లాసుతో పాటు, మంచి మైలేజీ తెచ్చే సీనియర్ డ్రైవర్ ఒకరు పక్కన కూర్చుని రెండు ట్రిప్పులు తోడు రావాలి. ఒకే రూటు, ఒకే రకం బస్సు నడిపేవాళ్లనే పోల్చాలి. బాగా తెచ్చినవాళ్ల పేరు డిపో బోర్డు మీద రాయాలి, మిగిలిన డబ్బులో వాటా ఇవ్వాలి. రాత్రి డ్యూటీ దిగుతూ డ్రైవరు రాసిచ్చిన రిపేరు తెల్లారి ఫస్ట్ సర్వీసుకు అయిపోవాలి. కేఎంపీఎల్ ఎందుకు తగ్గిందని అడగడం ఆ తర్వాతే.