సవరణ: డెరెక్ ట్రక్స్ స్లైడ్, మన గమకం

బెంగళూరులో బ్లూస్-రాక్ వినే మన తెలుగువాళ్ల కోసం రాసిన గత పోస్టులో, అమెరికన్ గిటారిస్టు డెరెక్ ట్రక్స్ స్లైడ్ (తీగ మీద గొట్టం జారుస్తూ వాయించే పద్ధతి) వింటే కర్ణాటక సంగీతంలోని గమకం (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం) గుర్తొస్తుందన్నాను. ఆయన కర్ణాటక సంగీతం నేర్చుకున్నారని కొందరు అర్థం చేసుకున్నారు. కాదు, ఆ పోలిక నా చెవికి తోచింది మాత్రమే. ఆయన మీద గట్టి ప్రభావం చూపింది హిందుస్తానీ తీగల వాద్యం సరోద్, ముఖ్యంగా ఉస్తాద్ అలీ అక్బర్ ఖాన్ వాదన.

సరోద్‌కు మెట్లు (ఫ్రెట్లు) ఉండవు. లోహపు పలక మీద తీగను గోటితో నొక్కి జారుస్తారు. గిటార్‌కు మెట్లున్నా, వేలికి తొడిగిన గాజు గొట్టం తీగ మీద జారుతుంటే వాటితో పనే ఉండదు. స్వరానికీ స్వరానికీ మధ్యనున్న చోటంతా ఆయనదే! పైగా పిక్ (తీగ మీటే బిళ్ల) వాడరు, ఓపెన్ E ట్యూనింగ్‌లో (తీగల్ని నొక్కకుండా మీటితేనే E కార్డ్ పలికే శ్రుతిలో) వేళ్లతోనే మీటుతారు. అందుకే ఆ నాదం అంత మెత్తగా, గొంతులా పలుకుతుంది.

ఇంకోటి, అమెరికన్ రాక్ బ్యాండ్ ఆల్‌మన్ బ్రదర్స్ డ్రమ్మర్ బుచ్ ట్రక్స్ ఈయన తండ్రి కాదు, తండ్రికి సోదరుడు. ఆ బ్యాండ్‌లో డెరెక్ 1999లో చేరారు.

ఇందిరానగర్, మారతహళ్లి మిత్రులు ఎక్కడ మొదలుపెట్టాలని అడుగుతున్నారు. 2010లో భార్య సూసన్ టెడెస్కీతో కలిసి పెట్టిన బ్యాండ్ లైవ్ రికార్డింగులు ముందు వినండి, స్టూడియోవి తర్వాత.