పోగులు, దగ్గు, సోషలిజం

మానవ స్వభావం మీద ప్రపంచంలో ఎవరెవరో పరిశోధనలు చేశారంటారు గానీ, విజయనగరం మూడు లాంతర్ల దగ్గర టీ కొట్టు ముందు మేం చేసినంత పరిశోధన ఇంకెక్కడా జరిగి ఉండదు. మాకు గ్రాంట్లు లేవు, ల్యాబ్ లేదు, మనిషికి రోజుకి రెండు టీలు, అందులో రెండో టీ డబ్బులు ఎవడివ్వాలన్న దగ్గరే సగం పరిశోధన అయిపోతాది. ఓ నెల్లాళ్ళుగా నడుస్తున్న టాపిక్కు ఏటంటే, మనుషులు ఇలాగే ఉండగా సోషలిజం అయ్యే పనేనా అని. దేశానికి అర్జెంటుగా కావలసిన జవాబు కాబట్టి నేను రోజూ ఆఫీసుకి లేటుగా వెళ్ళి మరీ దీని మీద కూర్చున్నాను. కూర్చున్నాను అంటే నిలబడ్డాను లెండి, అక్కడ ఉన్నది ఒకటే బెంచీ, అది ముందొచ్చినోళ్ళది, సొంత ఆస్తి అనే సమస్య మాకు అక్కడే మొదలైపోయింది.

ఒక వైపు మేస్టారు. రిటైరై పదేళ్ళు దాటింది, ఒకప్పుడు ఎర్రజెండా సభలకి బడి కుర్చీలు మోయించిన మనిషి, ఇప్పటికీ ఎవరైనా "ఆ కథంతా అయిపోయింది కదా మేస్టారూ" అంటే "అయిపోడానికి మొదలెప్పుడైంది బావూ" అంటారు. రెండో వైపు మా బావ. వరసకి బావ, వృత్తికి ప్లాట్లు. భోగాపురం ఎయిర్‌పోర్టుకి పది నిమిషాలు అని చెప్పి అరగంట దూరంలో స్థలాలు అమ్ముతాడు, అందుచేత మానవ స్వభావం గురించి అతనికున్నంత అనుభవం మాలో ఎవరికీ లేదు.

బావ వాదన చాలా చిన్నది. "మనిషి పుట్టుకతోనే నాది నాది అంటాడండి. మా గుంటడి చేతిలో బిస్కెట్ లాగి చూడండి, ఇల్లు పీకి పందిరేస్తాడు. అలాంటోడితో మీరు సోషలిజం కట్టిస్తారా?"

"ఆ బిస్కెట్ ఎవడు కొన్నాడేటి?" అన్నారు మేస్టారు. "నీ గుంటడు కూలికెళ్ళి తెచ్చుకున్నాడా? పని చెయ్యడు, పైసా తేడు, ఏడిస్తే పాలు, నవ్వితే బిస్కెట్. అవసరం కొద్దీ పంపకం మీ ఇంట్లోనే నడుస్తుంటే నాకు స్వభావం గురించి పాఠం చెప్తావేటి?"

"అది ఇంట్లో అండి. ఇంట్లో రూల్స్ వేరు."

ఈ ముక్క నేను వెంటనే రాసుకున్నాను. ఎంత గట్టి పెట్టుబడిదారుడైనా గుమ్మం దాటి లోపలికెళ్తే కమ్యూనిస్టే, అత్తగారింటి కోడి పులుసుకి బిల్లు అడిగినోడు ఇంతవరకు లేడు. అలాగే ఎంత గట్టి కమ్యూనిస్టైనా గట్టు దగ్గరికొస్తే జానెడు కాదు కదా అంగుళం వదలడు. మేస్టారికి సొంత తమ్ముడితో పదకొండేళ్ళుగా గట్టు కేసు నడుస్తోంది, ఆ సంగతి మేం ఎత్తం, ఎత్తితే ఆ రోజు ఆయన వంతు టీ డబ్బులు మేమే ఇచ్చుకోవాలి.

అసలు మనం ఈ చర్చ ఎందుకు పెట్టుకున్నామన్నది కూడా ఒక ప్రశ్నే, ఎందుకంటే చట్టం లెక్కలో సోషలిజం ఎప్పుడో వచ్చేసింది. 1976లో, ఎమర్జెన్సీ టైములో, 42వ సవరణతో రాజ్యాంగ పీఠికలోకి ఆ మాట ఎక్కింది, తీసేయమని కొందరు సుప్రీంకోర్టుకెళ్తే 2024 నవంబరులో కోర్టు కుదరదు పొమ్మంది. అంతకన్నా ముచ్చటైన సంగతి ఇంకోటుంది. ప్రజాప్రాతినిధ్య చట్టంలో 29ఎ అని ఒక సెక్షన్, దాని ప్రకారం ఎన్నికల సంఘం దగ్గర పార్టీ రిజిస్టర్ చేయించుకోవాలంటే సోషలిజానికీ, సెక్యులరిజానికీ, ప్రజాస్వామ్యానికీ విధేయంగా ఉంటామని పార్టీ నిబంధనల్లో రాసుకోవాలి. అంటే మన దగ్గర ఫ్యాక్టరీలు అమ్మేద్దాం అనే పార్టీ కూడా సోషలిజం మీద ఒట్టేసుకునే పుట్టింది. పెళ్ళిలో అరుంధతీ నక్షత్రం చూపించినట్టన్నమాట, పట్టపగలు కనిపించిందా అని అడుగుతారు, కనిపించింది అంటాం, భోజనాలకి లేస్తాం.

సరే, అసలు విషయానికొద్దాం. ఎవడి శక్తి కొద్దీ వాడు పని చెయ్యాలి, ఎవడి అవసరం కొద్దీ వాడికి అందాలి అని మార్క్సు 1875లో రాశాడు. అదీ మర్నాడు పొద్దున్నే కాదు, సమాజం బాగా ముదిరాక, తర్వాతెప్పుడో వచ్చే దశలో అన్నాడు. ఆ దశ మా అపార్ట్‌మెంటుకి తొందరపడి ముందే వచ్చేసింది. పన్నెండు ఫ్లాట్లు, ఒక బోరు, ఒక మోటారు, ఒక లిఫ్టు. నీళ్ళు ఎవరికెంత కావాలో అంత వాడుకోండి, మెయింటెనెన్సు మాత్రం అందరూ సమానం అని మొదటి మీటింగులో చప్పట్లు కొట్టి తీర్మానం చేశాం. నెల తిరక్కుండానే తేలిందేటంటే కింద ఫ్లాటాయనకి లిఫ్టు అవసరమే లేదంట, పై ఫ్లాటాయనకి పార్కింగు అవసరం లేదంట, ఆయనకి కారు లేదు, ఎదురింటాయనకి మాత్రం రోజూ కారు కడగడం ప్రాణావసరం, పెళ్ళి కావలసిన పిల్లున్న ఇంటికి గుమ్మం ముందు నీళ్ళు జల్లడం ఇంకా ప్రాణావసరం. మా ఇంట్లో డాబా మీద కుండీలకి పెట్టే నీళ్ళు మాత్రం నిజంగానే అవసరం, మిగతావాళ్ళది దుబారా, ఇది నేను నిష్పక్షపాతంగా చెప్తున్నాను. శక్తి దగ్గరికొస్తే మళ్ళీ ఎవరికీ శక్తి లేదు, అందరూ ఈఎంఐల్లో ఉన్నారు. ఆర్నెల్లు బాకీలు అలాగే పేరుకుపోయాయి. ఆఖరికి వాచ్‌మన్ భార్య ఒక అట్ట ముక్క తెచ్చి, ఇచ్చినోళ్ళ పేర్లు ఒక పక్క ఇవ్వనోళ్ళ పేర్లు ఒక పక్క రాయించి లిఫ్టు పక్కన తగిలించింది. రెండ్రోజుల్లో మొత్తం వసూలైపోయింది, లిఫ్టు వద్దన్నాయన అందరికన్నా ముందిచ్చాడు, ఎందుకంటే వాళ్ళ వియ్యంకుడు వస్తున్నాడంట.

మేస్టారూ బావా ఈ అట్ట ముక్కని పట్టించుకోలేదు, వాళ్ళకి రష్యా చైనాలే కావాలి. బావకి రష్యా గురించి తెలిసింది ఒకటే పాయింటు, కానీ అది గట్టి పాయింటు. సోవియట్ యూనియన్లో ఉమ్మడి పొలాలు కాక రైతులకి ఇంటి పెరట్లో చిన్న ముక్క ఇచ్చేవారు, దేశం సాగులో అది దాదాపు 3 శాతం, పంట మాత్రం దాదాపు పావువంతు దాన్నుంచే వచ్చేదంటారు. "చూశారా, ప్రభుత్వం ఆవుకి రోగం, పెరట్లో ఆవుకి భోగం" అని బావ తొడ కొట్టినంత పని చేశాడు. మేస్టారు తగ్గలేదు, "ఆ పెరటి ఆవుకి గడ్డి ఎక్కడిదనుకున్నావు, ఉమ్మడి పొలంలోదే" అన్నారు. నిజానికి ఇద్దరి మాటా ఒకటే, మనిషి తెలివైనోడు అని.

చైనా కథ నాకు ఇంకా నచ్చింది. 1978లో అన్హుయి రాష్ట్రంలో షియావోగాంగ్ అనే పల్లెలో 18 మంది రైతులు రాత్రిపూట ఒక గుడిసెలో దూరి, కమ్యూను భూమిని ఇళ్ళవారీగా పంచేసుకుందామని రహస్యంగా కాగితం రాసుకుని వేలిముద్రలేశారు. అప్పట్లో అది జైలుకెళ్ళే పని. ఆ ముందరి కరువుల్లో ఆ ఊళ్ళో ఆకలికి పోయినోళ్ళే చాలామంది, అందుకే అంత తెగించారు. తర్వాత చైనా మొత్తం ఆ దారే పట్టింది. బావ ఇదంతా ఫోనులో చూసి వచ్చి గర్వంగా చెప్పాడు గానీ, ఆ కాగితంలోనే ఉన్న ఇంకో లైను చెప్పడం మర్చిపోయాడు, నేను గుర్తు చేశాను. మనలో ఎవరైనా దీనివల్ల జైలుకెళ్తే వాళ్ళ పిల్లల్ని పద్దెనిమిదేళ్ళొచ్చేదాకా మిగతావాళ్ళం పెంచుతాం అని రాసుకున్నారు వాళ్ళు. భూములు విడగొట్టుకునే కాగితంలో పిల్లల్ని ఉమ్మడి చేసేశారు. ఇప్పుడు ఇది ఎవడి ఖాతాలో వేస్తారు? ఆ రోజు టీ చల్లారిపోయింది.

మధ్యలో ఒక్కరోజు మాత్రం మాటలు ఆగిపోయాయి. బావ ఊపులో ఉండి, "సొంతానికి ఏమీ రాకుండా వేలు కదిపినోడ్ని ఒక్కడ్ని చూపించండి మేస్టారూ" అన్నాడు. మేస్టారు గ్లాసు కింద పెట్టి, "ఎంతో దూరం ఎందుకు, పార్వతీపురం వైపు కొండలెక్కు" అన్నారు. "ఉప్పుకీ గుడ్డకీ అప్పు రాసి గిరిజనుల చింతపండూ భూమీ సావుకార్లు లాగేసుకుంటుంటే వాళ్ళని సంఘం చేసినోళ్ళు బడిపంతుళ్ళు. వెంపటాపు సత్యం మేస్టారు, ఆదిభట్ల కైలాసం మేస్టారు. 1967 అక్టోబరు 31న సభకెళ్తున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపితే కోరన్న, మంగన్న పోయారు. ఆ తర్వాత శ్రీకాకుళం సాయుధ పోరాటంలోకి దిగిన ఈ మేస్టార్లిద్దర్నీ 1970 జూలైలో పోలీసులు చంపేశారు. వాళ్ళ దారి తప్పో ఒప్పో నువ్వు వెయ్యి చెప్పు, వింటాను. సొంతానికి ఏటి మిగిలింది వాళ్ళకి?"

బావ ఏమీ అనలేదు. అదే 1970లో 1/70 వచ్చింది, ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా కట్టిన చట్టం. ఆ నంబరు వింటేనే బావకి కడుపులో మంట, అరకు వైపు వ్యూ పాయింటు ప్లాట్లు అమ్మలేకపోయింది దానివల్లే. మానవ స్వభావం మీద ఇంత నమ్మకం ఉన్న మనిషికి ఒక్క చట్టం అడ్డం రావడం నిజంగా బాధాకరం.

ఇక నా సిద్ధాంతం. ఇది నాకు లైబ్రరీలో దొరకలేదు, చీపురుపల్లి దాటాక మా ఊళ్ళో చింతచెట్టు కింద దొరికింది. పండగలకి మా పద్నాలుగు ఇళ్ళోళ్ళం కలిసి ఒక వేటని కొని కోయిస్తాం. తెల్లారకముందే పని మొదలు, మాంసం అంతా కుప్ప పోసి పద్నాలుగు పోగులు పెట్టాలి, ప్రతి పోగులోనూ ఇంత మెత్తన, ఇన్ని బొమికలు, ఇంత కార్జం, ఇంత బోటీ పడాలి. పోగులు పెట్టేది మా చిన్నాన్న. పెడుతుంటే చుట్టూ పద్నాలుగు ఇళ్ళ కళ్ళు, "ఆ మూల పోగు బక్కగున్నాది", "దీన్లో కొవ్వే కనిపిస్తంది", "మూలుగ బొమిక అటెళ్ళిపోనాదేటి" అంటూనే ఉంటారు, చిన్నాన్న తిడుతూనే ఒక ముక్క తీసి అటు వేస్తాడు, ఒక ముక్క తీసి ఇటు వేస్తాడు, ఇక ఎవరూ నోరెత్తనంత వరకు ఇదే పని. అదయ్యాక ఒక కుర్రాడ్ని వెనక్కి తిప్పి నిలబెడతారు, ఒకడు కర్రతో పోగు చూపించి "ఇదెవరిది?" అంటాడు, వెనక్కి తిరిగినోడు ఒక ఇంటి పేరు చెప్తాడు. అంతే. తక్కెడ లేదు, పోలీసు లేదు, కొట్లాట లేదు. పద్నాలుగు ఇళ్ళల్లో నాలుగిళ్ళ మధ్య మాటలే లేవు, ఇద్దరు కోర్టులో ఉన్నారు, అయినా పోగుల దగ్గర తరాలుగా తేడా రాలేదు.

పండితులు ఇన్నాళ్ళూ మనిషి మంచోడైతేనే సోషలిజం నడుస్తాది అనుకుని, మనిషి మంచోడా కాదా అని కొట్టుకుంటున్నారు. మా ఊళ్ళో ఎవడూ మంచోడు కాదు. ఒకడి మీద ఒకడికి పైసా నమ్మకం లేదు, అందుకే నడుస్తోంది. పక్కోడి పోగు మీద కన్నేసి ఉంచడం అన్నది మనిషి అసలు స్వభావం, దాన్ని ఉచితంగా ఉద్యోగంలో పెట్టేశాం. ఎక్కడ చెడిందో చూడండి, పోగు పెట్టినోడే పోగు ఎత్తుకున్న చోట చెడింది. సోవియట్ పెద్దలకి మామూలు జనం అడుగు పెట్టలేని ప్రత్యేకం షాపులుండేవి, జనం మాత్రం బయట క్యూల్లో. ఇటు బావ సంగతి చూస్తే లేఔట్ గీసేదీ తనే, ఈశాన్యం కార్నర్ ప్లాట్లు ముందే పక్కన పెట్టేసుకునేదీ తనే, దీన్ని మార్కెట్ అంటాడు.

1968లో గారెట్ హార్డిన్ అనే ఆయన, ఉమ్మడి బీడుంటే ఎవడి పశువుల్ని వాడు ఎక్కువెక్కువ తోలి దాన్ని నాశనం చేస్తారని రాస్తే ప్రపంచం అంతా తలూపింది. తర్వాత ఎలినార్ ఓస్ట్రోమ్ అనే ఆవిడ ఊళ్ళూ చెరువులూ అడవులూ చేపల రేవులూ పరిశీలించి, అలాగేం కాదు, జనమే రూల్సు పెట్టుకుని ఒకర్నొకరు కాపలా కాసుకుంటే చాలా చోట్ల నడుస్తున్నాయి అని చూపించింది, 2009లో ఎకనామిక్స్ నోబెల్ ఇచ్చారు, ఆ ప్రైజు అందుకున్న మొదటి మహిళ ఆవిడే. సంతోషం. కానీ మా చిన్నాన్న ఈ పని తిడుతూ తిడుతూ నలభై ఏళ్ళుగా చేస్తున్నాడు, ఆయనకి ఇచ్చింది రెండు చుట్టలు.

టీ కొట్టు దగ్గర ఈ సిద్ధాంతం చెప్తే మేస్టారూ బావా మొదటిసారి ఒక్కమాట మీదకొచ్చారు, ఇద్దరూ ఒప్పుకోలేదు. బావ అయితే "ఏ పద్ధతికైనా కన్నం ఉంటాది బావా" అన్నాడు. నేను సమాధానం చెప్పకుండా తల దించుకున్నాను, దానికి కారణం ఉంది, పరిశోధకుడు నిజాయితీగా ఉండాలి కాబట్టి చెప్తున్నాను.

మొన్న కనుమ రోజు కర్రతో పోగులు చూపించింది నేను. వెనక్కి తిరిగి నిలబడింది మా తమ్ముడు. ముందురోజు రాత్రి ఇద్దరం ఒక చిన్న అవగాహనకి వచ్చాం, కార్జం ఎక్కువ పడ్డ పోగు మీద కర్ర పెట్టినప్పుడు నేను దగ్గుతాను, వాడు మా ఇంటి పేరు చెప్తాడు. శాస్త్రీయ ప్రయోగం, అంతకుమించి ఏమీ లేదు. దగ్గాను, వాడు చెప్పాడు, అంతా సాఫీగా అయిపోనాది అనుకున్నాం. మా పెద్దమ్మకి ఎనభై దాటాయి, పేరు పెట్టి పిలిస్తే వినపడదు, పక్కన టపాసు పేలినా తిరగదు, ఆవిడకి ఆ దగ్గు వినపడింది. "ఒరే, పద్నాలుగు పోగుల్లో నీకు ఒక్క పోగు దగ్గరే దగ్గొచ్చిందేట్రా?" అంది. పోగులన్నీ కలిపేసి మళ్ళీ పెట్టారు, రెండోసారి మాకు పడింది మొత్తం బొమికలే. అప్పట్నుంచి పోగుల దగ్గర దగ్గకూడదని ఊళ్ళో రూలు.

వచ్చే మంగళవారం అమ్మవారి పండగ. మూడ్రోజులుగా నాకు నిజంగానే దగ్గు, సిరప్ తాగుతున్నాను, డాక్టరు చీటీ కూడా ఉంది. నిన్న చిన్నాన్న ఫోన్ చేసి, "నువ్వు పట్నంలోనే ఉండిపో నాయనా, నీ పోగు మేం పంపిస్తాంలే" అన్నాడు. ఎవరు పెట్టిన పోగు, ఎవరు ఎత్తిన పోగు అని అడిగాను. సిగ్నల్ లేదన్నాడు.