వైరస్‌కు ఎరుపు రంగు ఎవరు వేశారు?

2020లో టీవీ పెట్టినా, పేపర్ తెరిచినా ఒకటే బొమ్మ. బూడిద రంగు బంతి, దాని చుట్టూ ఎర్రటి ముళ్లు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీలో పనిచేసే అలిస్సా ఎకర్ట్, డాన్ హిగ్గిన్స్ అనే చిత్రకారులు తయారుచేసిన బొమ్మ అది. జనం జాగ్రత్తపడటానికి బాగా పనికొచ్చింది. కానీ కరోనా వైరస్‌ ఎర్రగా ఉండదు. అసలు దానికి రంగే లేదు.

మన కంటికి కనిపించే కాంతి తరంగాల పొడవు సుమారు 400 నుంచి 700 నానోమీటర్లు. కరోనా వైరస్ సైజు 100 నానోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. కాంతి తరంగం కన్నా అంత చిన్నదాన్ని పట్టుకుని ఏ రంగు అని అడగడంలో అర్థం లేదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఇచ్చేది నలుపు తెలుపు చిత్రమే. రంగులు తర్వాత మనుషులు అద్దినవి.

ఈ సంగతిని పట్టుకుని ఏళ్ల తరబడి పనిచేసినవాడు బ్రిటన్‌లోని బ్రిస్టల్ కళాకారుడు ల్యూక్ జెరామ్. ఆయనకు రంగులు అందరికీ కనిపించినట్టు కనిపించవు, వర్ణాంధత్వం ఉంది. 2004 నుంచి బ్రిస్టల్ యూనివర్సిటీ వైరాలజిస్టు ఆండ్రూ డేవిడ్సన్ సలహాలతో, గాజు ఊదడంలో చేయి తిరిగినవాళ్లతో కలిసి హెచ్‌ఐవీ, మశూచి వైరస్‌లను, ఈకోలి బ్యాక్టీరియాను రంగులేని గాజుతో చేయించారు.

నన్ను బాగా ఆలోచింపజేసింది ఆ తయారీ. కాగితం మీదైతే తెలియని చోట కాస్త నీడ వేసి దాటేయొచ్చు. గాజులో ఆ వీలు లేదు. లోపల ఏ తీగ ఎటు వంగాలో ముందే తేలాలి. వైరస్ లోపల దాని జన్యు పదార్థం ఆర్‌ఎన్‌ఏ కచ్చితంగా ఎలా అమరి ఉంటుందని జెరామ్ అడిగితే శాస్త్రవేత్తలు కూడా చెప్పలేకపోయారు. తమకు ఎంతవరకు తెలుసో వాళ్లకు గుర్తుచేసింది ఒక కళాకారుడి అవసరం.

హెచ్‌ఐవీతో జీవిస్తున్న ఒకరు ఆయనకు ఉత్తరం రాశారు. ఇలాంటివి లక్షలకొద్దీ తనలో ఉన్నాయని తెలిసి, ఆ గాజు బొమ్మ ఫొటో మీంచి చూపు తిప్పుకోలేకపోతున్నానని, ఏ చిత్రమూ ఆ వైరస్‌ను తనకు ఇంత నిజంగా చూపలేదని. ఒకప్పుడు దేశంలో హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ‘పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా?’ అన్న అవగాహన ప్రచారపు ప్రశ్న అప్పట్లో ఊరూరా నలిగింది. జబ్బు గురించి మాట్లాడటం మొదలుపెట్టాం, మంచిదే. అయితే ఆ వైరస్‌ను నింపాదిగా, భయం లేకుండా చూసే అవకాశం మాత్రం మనకు ఎవరూ ఇవ్వలేదు.

మన దేశంలో ఇలాంటి ప్రయత్నాలే లేవనుకోకండి. 2009లో బెంగళూరు ‘సృష్టి’ కళాశాల విద్యార్థులు అక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్ శాస్త్రవేత్తల తోడ్పాటుతో ఈకోలి బ్యాక్టీరియా చేత తొలకరి మట్టి వాసన పుట్టించే పనికి పూనుకున్నారు. ఆ ఏడాది అమెరికాలోని ఎంఐటీలో జరిగిన ఐజెమ్ అనే విద్యార్థుల జీవశాస్త్ర పోటీకి దాన్నే తీసుకెళ్లారు. ఆ వాసనకు మూలం జియోస్మిన్ అనే పదార్థం. మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియా దాన్ని తయారుచేస్తుంది. టీబీకి తొలి మందు స్ట్రెప్టోమైసిన్ దొరికింది కూడా ఆ జాతి నుంచే. ‘బ్యాక్టీరియా అంటే రోగం’ అని బడిలో నేర్చుకున్న పిల్లవాడికి ఈ ఒక్క వాసనతో ఎంత చెప్పొచ్చో!

మన దగ్గర కళాకారుడికి పిలుపు వచ్చేది ఎక్కువగా చివర్లోనే. పరిశోధన అంతా అయ్యాక పోస్టరుకో, బ్రోచరుకో. అప్పటికి అడగడానికి ప్రశ్నలేమీ మిగలవు, రంగులు వేయడమే మిగులుతుంది. హైదరాబాద్‌లోనే చూడండి. హబ్సిగూడలో జీవకణాలపై పరిశోధనలు చేసే సీసీఎంబీ ఉంది, మాసబ్‌ట్యాంక్‌లో ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. ఏటా ఇద్దరు శిల్ప విద్యార్థులకు ఆరు నెలల పాటు ల్యాబ్‌లో చోటిచ్చి, జాగ్రత్తలు నేర్పి, మైక్రోస్కోప్ పక్కన కూర్చోబెడితే చాలు. దానికి కోట్లు అక్కర్లేదు. లోపలికి రానిచ్చే ఒక పాస్, వాళ్ల ప్రశ్నలు వినే ఓపిక ఉన్న ఒక శాస్త్రవేత్త కావాలి.