మహారాజశ్రీ నోటీసు బోర్డు గారి సముఖానికి

అయ్యా,

ఉత్తరం మొదట్లో ఉభయకుశలోపరి అని రాయాలని చిన్నప్పుడు నేర్పారు. కానీ ఇక్కడ కుశలం ఒకవైపే ఉంది. ఆఫీసు రూము పక్కన నీడపట్టున, అద్దాల తలుపు వేసుకుని, దానికో తాళం పెట్టుకుని తమరు బాగానే ఉన్నారు. మొన్న మంగళవారం కళ్లారా చూశాను. నేనే బాగాలేను.

గుర్తుపట్టారో లేదో, నేను కవిటి నుంచి వచ్చే పిల్లని. తెల్లారి నాలుగింటికి లేచి, సోంపేటలో రైలెక్కి, ఆమదాలవలసలో దిగి, అక్కడ ఆటో నిండేదాకా కూర్చుని, శ్రీకాకుళంలో కాలేజీ గేటు దగ్గరికి వచ్చేసరికి పదిన్నర. డిగ్రీ అయిపోయింది, పీజీ సెట్‌లో ర్యాంకు వచ్చింది, ఇక ప్రొవిజనల్ సర్టిఫికెట్టూ, మార్కుల మెమో, టీసీ పట్టుకుని సాయంత్రం బండికి ఇంటికి వెళ్లిపోవడమే అనుకున్నాను. గుమస్తా గారు కంప్యూటర్‌లోకి చూసి, "నాలుగు క్రెడిట్లు తక్కువున్నాయమ్మా, నీ డిగ్రీ పూర్తవలేదు" అన్నారు. క్యాంటీన్‌లో ఇడ్లీ అయిపోయిందని చెప్పినంత మామూలుగా. క్రెడిట్లంటే చదివిన సబ్జెక్టుకీ, చేసిన ప్రాజెక్టుకీ డిగ్రీ లెక్కలో పడే పాయింట్లు. ఏ క్రెడిట్లండీ అంటే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టువి, అంటే జనం మధ్య తిరిగి చేసే పనివి. ఎందుకు తగ్గాయండీ అంటే మార్కులు ఎక్కలేదు. మరి మాకెవరూ చెప్పలేదే అంటే, అదిగో, అప్పుడు వచ్చింది తమరి పేరు.

"నోటీసు బోర్డులో పెట్టాం కదా."

శంఖంలో పోస్తేనే తీర్థం అన్నట్టు, తమరి మీద అతికిస్తేనే అది చెప్పినట్టు. అతికించేశారంటే ఇక ఎవరికీ ఏ బాధ్యతా లేదు. వాట్సాప్ గ్రూపు ఉంది, అందులో అడ్మిన్లు మాత్రమే మాట్లాడగలరు, వాళ్లేమో పండగ శుభాకాంక్షలు తప్ప ఇంకేం మాట్లాడరు. వెబ్‌సైట్ ఉంది, అందులో నేను చేరినప్పటి నోటీసు పక్కన ఇంకా 'కొత్తది' అని ఎర్రగా మెరుస్తూనే ఉంది. ఫోన్ నంబరు సంగతి వదిలేయండి, అది మోగుతుంది, అంతే. వాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్ల మీద ఆశే లేదు కాబట్టి. నా గొడవంతా తమరితోనే.

నోటీసు ఎక్కడుందో చూద్దామని వచ్చాను. కనబళ్లేదు. అటెండర్ గారిని అడిగితే, "ఏటమ్మా, ఎట్టినాం కదేటి, సూసుకోనేదా?" అంటూ తాళంచెవి తెచ్చి తలుపు తీశారు. పైన యోగాంధ్ర కాగితం. 2025 జూన్ 21న విశాఖలో ప్రధానమంత్రి వచ్చి యోగా చేశారే, దాని తాలూకు. అటెండర్ గారు దాన్ని పైకెత్తారు. కింద ఇంకో కాగితం. అదీ ఎత్తారు. దాని కింద నా నోటీసు, కదలకుండా మెదలకుండా, శవాసనంలో. చెదలు ఒక మూల తినేసింది గానీ నా హాల్‌టికెట్ నంబరు మాత్రం జాగ్రత్తగా వదిలిపెట్టింది. కింది నంబర్ల విద్యార్థులు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు లాగ్ బుక్ జిరాక్సు వారం రోజుల్లోగా సమర్పించాలి, లేనిచో తగు బాధ్యత వారిదే.

తేదీ చూశాను. మే నెల.

అయ్యా, మే నెలలో తమరి ముందు ఎవరున్నారు? ఆరో సెమిస్టర్‌లో మమ్మల్ని ఇంటర్న్‌షిప్ అని కాలేజీ బయటికి పంపించేశారు. ఆ తర్వాత పరీక్షలు, ఆ తర్వాత సెలవులు. గేటుకి గొలుసు. ఆ ఎండలో ఒకాయన ఖాళీ వరండాలోకి వచ్చి, తాళం తీసి, కాగితం అతికించి, మళ్లీ తాళం వేసి వెళ్లాడు. చదివిందెవరు? పిట్టలు చదివుంటాయి. తమరి కింద పడుకునే కుక్క చదివుంటుంది. దానికి క్రెడిట్లన్నీ సరిగ్గానే ఉండి ఉంటాయి.

బ్యాంకులో పది రూపాయలు కట్ అయితే మా అమ్మ ఫోన్‌కి నిమిషంలో మెసేజ్ వస్తుంది. మా క్రెడిట్లకీ బ్యాంకు ఉందటగా, యూజీసీ వాళ్లు 2021లో పెట్టిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్. అందులో ఐడీ తెరవలేదని పరీక్ష ఫీజు కట్టే రోజు లైన్లోంచి బయటికి పంపారు మమ్మల్ని. ఆ బ్యాంకులో నాలుగు క్రెడిట్లు రెండేళ్లుగా లేకపోతే ఒక్కరికీ ఒక్క మాట చెప్పాలనిపించలేదు.

ఆ నాలుగూ ఎలా సంపాదించానో తమరికి తెలియాలి. 2023 వేసవి. 180 గంటలు చేయాలన్నారు. మాది కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఉద్దానం, నాది బీఎస్సీ కెమిస్ట్రీ, కాబట్టి తాగే నీళ్ల మీద సర్వే తీసుకున్నాను. కొబ్బరి తోటల మధ్య ఇల్లిల్లూ తిరిగి, ఏ బావి, ఏ బోరు, ఎన్నేళ్లుగా తాగుతున్నారు, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బుందా అని అడిగి రాశాను. అప్పటికి పలాసలో కిడ్నీ ఆసుపత్రి ఇంకా తెరవలేదు. ఒకింట్లో ఒక మామ్మ, డయాలసిస్ చేయించుకుంటున్న మనిషి, చీర చెంగు తీసి మోచేతి పైన ఉబ్బిన నరం చూపించి, "సెయ్యెట్టి సూడమ్మా" అంది. వేలు పెడితే లోపల సన్నగా జుమ్మంటోంది. ఏం మాట్లాడాలో తెలియక లాగ్ బుక్‌లో ఆవిడ వయసు రాసుకున్నాను. ఆ పేజీలో నా అక్షరాలు వంకరగా ఉంటాయి, చూస్తే మీకే తెలుస్తుంది.

చూడరుగా. ఆ పుస్తకం ఇప్పుడు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. తీసుకున్న మాస్టారు బదిలీ అయి వెళ్లిపోయారు. జిరాక్సు నా దగ్గర లేదు, తీసి పెట్టుకోమని ఎవరు చెప్పారు? అదీ తమరి మీదే ఎక్కడో ఉందేమో, ఏ రక్తదాన శిబిరం కిందో. 2023 డిసెంబరులో ఆ రెండు వందల పడకల ఆసుపత్రి తెరిచేశారు. నా వంద మార్కులు మాత్రం ఒక కాగితం మీంచి కంప్యూటర్‌లోకి ఎక్కడానికి ఈ రెండేళ్లూ సరిపోలేదు. మరి పని చేసింది మేము, పోగొట్టింది మీరు, గడువు మాకా? సిగ్గుండాలి!

క్షమించండి, గొంతు పెరిగింది.

నిజానికి తమరిని పూర్తిగా తిట్టలేను. 2022లో మొదటి రోజు సెక్షన్ల లిస్టు తమరి మీదే పెట్టారు. మా అమ్మకి చదువు రాదు, నా పేరు ఏదని అడిగి, అద్దం మీద ఆ వరుస దగ్గర వేలు పెట్టి కాసేపు అలాగే నిలబడింది. ఆ వేలిముద్ర ఎవరూ తుడిచి ఉండరు. తమరిని తుడవగా నేను ఎప్పుడూ చూడలేదు.

సోమవారం మళ్లీ వస్తున్నాను. పాత లాగ్ బుక్కులన్నీ మూటకట్టి మేడమీద గదిలో పడేశారని అటెండర్ గారు నెమ్మదిగా చెప్పారు, "నాలుగు మూటలున్నాయమ్మా, ఎతుకుదాం" అన్నారు. ఆ మూడేళ్లలో ఆ ఆవరణలో నాకు ఉపయోగపడే సమాచారం ఒక మనిషి నోటి వెంట రావడం అదే మొదలు. మా నాన్న నాలుగు బొండాలు దింపించి ఉంచారు, క్రెడిట్‌కి ఒకటి లెక్కన. తమరికి కాదు. తాళంచెవి ఉన్నాయనకి.

ఇట్లు,
తగు బాధ్యత వహిస్తున్న
తమ విధేయురాలు